పాత సైకిలుకి మోటారు: ఏ ఫ్రేముకి ఏది సరిపోతుంది

ఇంట్లో పాత సైకిలుంది, మోటారు పెట్టించుకుంటాను, ఏ కిట్టు కొనమంటారు అని ఎవరైనా అడిగితే నేను ముందు ఒక పని చెబుతాను: వెనక చక్రానికి స్పోకులెన్నో లెక్కపెట్టి రండి. నాన్నల కాలం నాటి నల్ల సైకిలైతే, అంటే రాడ్ బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు ఉన్న అట్లాస్, హీరో, హెర్క్యులిస్ లాంటిదైతే, మామూలుగా వెనక 40, ముందు 32 వస్తాయి. రేంజర్ తరహా 26 అంగుళాల సైకిలైతే ఎక్కువగా రెండు చక్రాలకీ 36. బజార్లో దొరికే హబ్ మోటార్లు, అంటే చక్రం మధ్యలో స్పోకులు మొదలయ్యే హబ్బు స్థానంలో కూర్చునే మోటార్లు, దాదాపు అన్నీ 36 రంధ్రాలవి. అంటే నల్ల సైకిలు రిమ్ములో హబ్ మోటారు నేరుగా కూర్చోదు.

ఈ లెక్క నాకు డబ్బు పోయాక తెలిసింది. మా నాన్నగారి సైకిలుకి ముందు చక్రం కిట్టు తెప్పించాను. మోటారుతో పాటు 26 అంగుళాల రిమ్ము బిగించి పంపారు. చక్రం చిన్నది కావడంతో రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్ముకి అందలేదు. ఫోర్కు గాడి సన్నం కావడంతో యాక్సిల్, అంటే మోటారు ఇరుసు, దూరలేదు. ఆకురాయి పట్టుకుని గాడిని అరగదీశాను, చేయకూడని పని అది. ఆ తర్వాత ఇంకో రెండు సైకిళ్లు కట్టాను, ఒకటి మా మేనల్లుడికి, ఒకటి నాకు. ఈ మూడింటి మీదా నేర్చుకున్నది ఒకే మాట: మోటారుని ఎంచుకునేది మన జేబు కంటే ముందు ఆ పాత ఫ్రేము.

ఫ్రేముని ముందు చూడండి

పాత నల్ల సైకిళ్ల ఫ్రేము గట్టిదే. ఇనప గొట్టాలను జాయింటు తొడుగుల్లో దూర్చి ఇత్తడితో అతికించి కట్టినవి. బియ్యం బస్తాలు, పాల క్యాన్లు మోసినవి. అయినా ముప్పై నలభై ఏళ్లు వానలో నిలబడ్డ దాన్ని చూడకుండా నమ్మకూడదు. హ్యాండిల్ కింది జాయింటు వెనక, కింది గొట్టం మొదలయ్యే చోట పెయింటు సన్నగా గీత పడిందేమో వెలుతురులో చూడండి. అక్కడ గీత ఉంటే కింద పగులు ఉందనే అనుకోవాలి. పెడల్ ఇరుసు ఉండే డబ్బాని తలకిందులు చేస్తే తుప్పు పొడి రాలిందంటే లోపలి గొట్టాన్నీ అనుమానించాలి. వేలితోనో చిన్న స్పానర్‌తోనో తడుతూ పోతే, తుప్పు తిన్న చోట చప్పుడు మొద్దుగా మారుతుంది.

వంకర కూడా చూడాలి. హ్యాండిల్ దగ్గరి గొట్టం చుట్టూ ఒక దారం తిప్పి, రెండు కొసల్నీ వెనక యాక్సిల్ కూర్చునే గాడుల దగ్గరికి బిగుతుగా లాగి కట్టండి. సీటు గొట్టం నుంచి రెండు పక్కలా దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా అయితే తెలిసిన మేస్త్రీ సరిచేస్తాడు. అంతకు మించితే ఆ ఫ్రేముకి మోటారు ఆలోచన మానుకోండి. తొక్కేటప్పుడు ఇబ్బంది పెట్టని వంకర, మోటారు లాగుడుకి గంటకు 25 కిలోమీటర్ల వేగంలో హ్యాండిల్ వణుకుగా బయటపడుతుంది.

తర్వాత మూడు కొలతలు రాసుకోండి: ముందు ఫోర్కు లోపలి వెడల్పు, వెనక గాడుల మధ్య వెడల్పు, యాక్సిల్ దూరే గాడి సందు. ముందు హబ్ మోటారుకి 100 మిల్లీమీటర్లు కావాలి, వెనకదానికి సాధారణంగా 135. మోటారు యాక్సిల్ చదును చేసిన పక్కల మధ్య 10 మిల్లీమీటర్లు ఉంటుంది. నల్ల సైకిలు ముందు గాడి సుమారు 8 మిల్లీమీటర్లే, రెండు వెడల్పులూ తక్కువే. రేంజర్ తరహా ఫ్రేముల్లో ఈ కొలతలు చాలావరకు సరిపోతాయి. ఆ ఒక్క కారణంగానే, రెండూ ఇంట్లో ఉంటే నేను రేంజర్‌నే తీసుకోమంటాను, నల్ల సైకిలు ఎంత అందంగా ఉన్నా సరే.

పెట్రోలు ఇంజను గురించి

వీడియోల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఫ్రేము మధ్యలో కూర్చునే చిన్న టూ స్ట్రోక్ ఇంజను, 80 సీసీ అని అమ్ముతారు, నిజానికి చాలావరకు 66 సీసీ. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, చప్పుడు వింటే పాత లూనా గుర్తొస్తుంది. కానీ మన మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం నాలుగు చక్రాల కంటే తక్కువున్న బండికి ఇంజను 25 సీసీ దాటితే అది మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా అన్నీ కావాలి. ఇంట్లో కట్టిన సైకిలుకి ఆ కాగితాలు పుట్టించే దారి మామూలు మనిషికి లేదు. దారిలో ఎవరికైనా తగిలితే నష్టపరిహారం మొత్తం మీ మీదే పడుతుంది.

సాంకేతికంగానూ ఆ కిట్టు నల్ల సైకిలుకి కుదరదు. వెనక పళ్ల చక్రాన్ని రబ్బరు బిళ్లల మధ్య పెట్టి 9 బోల్టులతో స్పోకులకే బిగిస్తారు. 36 స్పోకుల్లో ఆ 9 సమంగా సర్దుకుంటాయి, 40 స్పోకుల్లో సర్దుకోవు. 1972లో వచ్చిన లూనాకీ, 1980లో వచ్చిన టీవీఎస్ 50కీ పెడళ్లుండేవి కదా అని కొందరంటారు. వాటిని 50 సీసీ ఇంజనుకి తగ్గ ఫ్రేముతో, డ్రమ్ బ్రేకులతో కట్టారు. సైకిలు రిమ్మునీ రబ్బరు బిళ్లల్నీ నమ్మి కట్టలేదు. ఈ దారి వద్దని గట్టిగా చెబుతున్నాను.

కరెంటు మోటారుకైతే నిబంధనల్లో చోటుంది. మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకుండా ఉంటే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. తొక్కితే సాయం చేసే రకమైతే 25 దగ్గరికి వచ్చేసరికి మోటారు తనంతట తాను ఆగిపోవాలి. ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. అయితే అదే నిబంధనలో పరీక్షా సంస్థ ధ్రువీకరణ అనే షరతు కూడా ఉంది. ఇంట్లో కట్టిన దానికి ఆ కాగితం ఉండదు. ఈ సంగతి దాచిపెట్టి కిట్టు కొనిపించడం నాకిష్టం లేదు. తెలిసే దిగండి, దిగితే 250 వాట్ల గీత దాటకండి. 500, 1000 వాట్ల కిట్లు అదే షాపులో పక్కనే ఉంటాయి. పాత ఫ్రేముకీ పాత బ్రేకులకీ అవి పనికిరావు.

నాలుగు మోటార్లు

వెనక చక్రం పక్కన గొలుసుతో తిప్పేది ఒకటి. మన దగ్గర పాత సైకిళ్లకి ఎక్కువగా పెట్టేది ఇదే: లోపల పళ్ల చక్రాలున్న 24 వోల్టుల 250 వాట్ల బ్రష్ మోటారు. ఎడమవైపు వెనక గొట్టానికి పట్టీతో బిగించి, ఎడమవైపు కూడా మర ఉన్న హబ్బు మీద ఇంకో ఫ్రీవీలు (ఒకవైపే పట్టి, రెండోవైపు వదిలేసే పళ్ల చక్రం) వేసి, చిన్న గొలుసు కడతారు. నల్ల సైకిలుకి నా ఓటు దీనికే. ఫోర్కు జోలికి పోనక్కర్లేదు, గాడులు అరగదీయనక్కర్లేదు, 28 అంగుళాల చక్రం అలాగే ఉంటుంది. హబ్బు కొనేటప్పుడు మాత్రం మీ రిమ్ముకి తగినన్ని రంధ్రాలున్నదే అడగండి. దొరక్కపోతే రిమ్ము కూడా మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. మోటారు ఆపి తొక్కితే ఎడమ ఫ్రీవీలు వదిలేస్తుంది కాబట్టి కాలికి బరువు తెలియదు. బ్రష్‌లు అరిగితే మార్చుకోవచ్చు. మోటారుకి పోయే కరెంటుని అదుపు చేసే పెట్టె, అదే కంట్రోలరు, కూడా సాదా రకం, ఊళ్లో మోటార్లు చుట్టే మనిషికి అర్థమవుతుంది.

వేగం కూడా మీరే లెక్కేసుకోవచ్చు. మోటారు బయటి ఇరుసు నిమిషానికి సుమారు 300 చుట్లు తిరుగుతుంది, దాని మీద 9 పళ్లు. వెనక 16 పళ్ల ఫ్రీవీలు వేస్తే చక్రం 170 చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకి 2.2 మీటర్లు పోతుంది కాబట్టి గంటకు 22 కిలోమీటర్లు దాటుతుంది. 18 పళ్లు వేస్తే 20కి తగ్గుతుంది, ఎత్తు ఎక్కడం మాత్రం తేలికవుతుంది. బరువు మోసే సైకిలైతే 18 వేయించుకోండి. లోపాలూ ఉన్నాయి. కీచుమనే చప్పుడు, వానలో నీళ్లు, వారం వారం గొలుసు బిగువు సరిచూడటం. పట్టీ కాస్త వదులైనా గొలుసు జారి స్పోకుల్లో పడుతుంది. పట్టీ కింద సైకిలు ట్యూబు ముక్క చుట్టి బిగిస్తే గొట్టం మీద పట్టు జారదు.

రెండోది పళ్ల చక్రాలున్న హబ్ మోటారు. చిన్నగా, రెండున్నర నుంచి మూడున్నర కిలోల బరువుతో ఉంటుంది. లోపల క్లచ్ ఉంటుంది కాబట్టి ఆపినప్పుడు చక్రం హాయిగా తిరుగుతుంది. రేంజర్ తరహా ఫ్రేముకి ఇదే నాకు నచ్చేది. ముందా వెనకా అంటే, ముందు పెట్టడం సులువు, వెనక పెట్టడం క్షేమం. ముందు పెట్టేటట్లయితే ఫోర్కు ఇనుముదై ఉండాలి. అల్యూమినియం ఫోర్కుకీ, స్ప్రింగు ఫోర్కుకీ ముందు మోటారు వద్దు. ఎందుకంటే మోటారు చక్రాన్ని ముందుకి తిప్పేటప్పుడు యాక్సిల్ వెనక్కి తిరగాలని చూస్తుంది. ఆ మెలికని ఆపేది గాడి అంచులే. అందుకే టార్క్ ఆర్మ్ అనే ఇనప పలక అదనంగా బిగించాలి, యాక్సిల్‌ని పట్టుకుని ఫోర్కు గొట్టానికి కట్టేస్తుంది. నేను అరగదీసిన ఆ గాడిలో ఒకరోజు కాలవ గట్టు మీద పోతుంటే యాక్సిల్ తిరిగి వైరు తెగింది. నట్టు ఇంకా పట్టుకుని ఉండటం వల్ల చక్రం ఊడిరాలేదు. ఆ సాయంత్రం సైకిలు తోసుకుంటూ మూడు కిలోమీటర్లు నడిచాను, ఇంటికి రాగానే ఆ ఫోర్కు తీసేశాను.

పళ్ల చక్రాలు లేని పెద్ద హబ్ మోటారు మూడోది. అయిదారు కిలోలు తూగుతుంది. చప్పుడుండదు, అరిగే భాగాలు తక్కువ. కానీ ఆపి తొక్కితే అయస్కాంతం వెనక్కి లాగినట్టు ఉంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గితే త్వరగా వేడెక్కుతుంది. 250 వాట్ల పరిమితిలో ఉండేవాళ్లకి దీని వల్ల లాభం నాకు కనిపించలేదు.

నాలుగోది పెడల్ ఇరుసు స్థానంలో కూర్చునే మధ్య మోటారు. దీని బలమంతా వెనక గేర్లను వాడుకోవడంలో ఉంది. ఎత్తొస్తే గేరు తగ్గించుకుంటాం, మోటారు తన వేగంలో తాను తిరుగుతుంది. కాబట్టి ఒకే గేరున్న సైకిలుకి దీన్ని పెట్టడం డబ్బు దండగ. నల్ల సైకిళ్లకి కాటర్ పిన్ను పెడళ్లుంటాయి, అంటే పెడల్ కాడని ఇరుసుకి అడ్డంగా దిగే పిన్నుతో బిగించేవి, ఆ డబ్బా కొలతలు కూడా కిట్టుకి కలవకపోవచ్చు. ఖరీదు కూడా అన్నిటికంటే ఎక్కువ. గేర్లున్న మంచి సైకిలు ఉండి, విశాఖలో సింహాచలం కొండ రోడ్డు లాంటివి రోజూ ఎక్కాల్సినవాళ్లు మాత్రమే ఆలోచించండి.

ఎత్తు గురించి ఒక లెక్క. మనిషీ సైకిలూ కలిపి 100 కిలోలు అనుకుందాం. చదును రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్లకి చక్రం దగ్గర 100 వాట్ల చిల్లర చాలు. వంద మీటర్లకి అయిదు మీటర్లు లేచే రోడ్డు మీద 15 కిలోమీటర్ల వేగానికే 250 వాట్లు దాటుతుంది. అంటే కోనసీమ కాలవ గట్ల మీద ఏ మోటారైనా చాలు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఏ మోటారు పెట్టినా మీరూ తొక్కాలి. 250 వాట్ల సైకిలుని తొక్కకుండా ఎక్కే బండిలా ఊహించుకుని కొన్నవాళ్లే తర్వాత నిరాశపడతారు.

బ్యాటరీ: ఇక్కడ పొదుపు చేయకండి

కిట్టు ధర తక్కువ కనిపించడానికి చాలాసార్లు కారణం అందులో బ్యాటరీ లేకపోవడం, లేదా యూపీఎస్‌లో వాడే సీసం బ్యాటరీలు ఇవ్వడం. 36 వోల్టుల మోటారుకి 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలు మూడు వేస్తే కాగితం మీద 252 వాట్ అవర్లు, అంటే 252 వాట్లని గంటసేపు ఇచ్చే శక్తి. ఆరు కిలోలకు పైగా బరువు. కానీ సీసం బ్యాటరీ నుంచి గంటలో ఖాళీ అయ్యేంత వేగంగా లాగితే చేతికొచ్చేది అందులో అరవై శాతం దాకానే. కిలోమీటరుకి 10 నుంచి 12 వాట్ అవర్లు ఖర్చనుకుంటే 12, 15 కిలోమీటర్లకి కథ అయిపోతుంది. పూర్తిగా దించి వాడితే ఏడాది తిరక్కుండానే నీరసిస్తుంది. ఊళ్లోనే అటూ ఇటూ అయిదారు కిలోమీటర్లు తిరిగేవాళ్లు, మోటారు తమకి సరిపడుతుందో లేదో చూసుకోవడానికి దీంతో మొదలుపెట్టొచ్చు. అంతకు మించి వద్దు.

లిథియంలో రెండు రకాలు ఎదురవుతాయి. మామూలు లిథియం అయాన్ తేలిక. 36 వోల్టుల 10 ఆంపియర్ అవర్ ప్యాక్ మూడు కిలోల లోపే, తొక్కుతూ పోతే 30 కిలోమీటర్లు ఇస్తుంది. లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ అంతే సామర్థ్యానికి కాస్త లావు, బరువు. కానీ వేడిని బాగా తట్టుకుంటుంది, వెయ్యిన్నర సార్లకు పైగా ఛార్జింగ్ ఎక్కుతుంది. మే నెల ఎండలో స్టాండులో నిలబెట్టే సైకిలుకి నేను ఫాస్ఫేట్ రకమే వేయించాను, మీకూ అదే చెబుతాను. 2022 వేసవిలో విజయవాడలోనూ నిజామాబాద్‌లోనూ ఇళ్లలో స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ వార్తలు చదివినప్పటి నుంచి మా ఇంట్లో బ్యాటరీ పడకగదిలోకి రాదు, రాత్రి ఛార్జింగ్‌లో ఉండదు. ఎండలో తిరిగి వచ్చాక గంటసేపు చల్లారనిచ్చి వరండాలో పెడతాం.

ప్యాక్ లోపల రక్షణ బోర్డు ఉందా, అది ఎన్ని ఆంపియర్లదో అడగండి. ఛార్జర్ ఆ ప్యాక్ రకానికే చెందినదై ఉండాలి. 36 వోల్టుల లిథియం అయాన్ ప్యాక్ నిండితే 42 వోల్టులు. అదే పేరుతో అమ్మే ఫాస్ఫేట్ ప్యాక్‌లో 12 సెల్లుల వరుస ఉంటే 43.8. ఛార్జర్లు తారుమారైతే ఒకటి ఎప్పటికీ నిండదు, రెండోది అపాయం. బ్యాటరీ నుంచి కంట్రోలరుకి పోయే ఎర్ర వైరులో ఫ్యూజు, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టించండి. పాత లాప్‌టాప్ సెల్లులు ఏరి కట్టిన ప్యాక్ చవగ్గా ఇస్తామంటే వద్దనండి.

ప్యాక్ పెట్టే చోటు కూడా ముఖ్యమే. వెనక క్యారియర్ మీద పెడితే సులువు, కానీ సైకిలు తోక బరువెక్కి స్టాండు వేసినప్పుడు పడిపోతుంది, గతుకుల్లో సెల్లులు ఎక్కువ దెబ్బతింటాయి. నల్ల సైకిలు ఫ్రేము త్రికోణంలో బోలెడంత ఖాళీ ఉంది. రెక్సిన్ సంచి కుట్టించి అక్కడే వేలాడదీయండి, బరువు మధ్యలో ఉంటుంది.

మోటారు కంటే ముందు బ్రేకు

రాడ్ బ్రేకు రబ్బరు రిమ్ము లోపలి వైపు పైకి లాగి పట్టుకుంటుంది. పొడి రోడ్డు మీద 12, 15 కిలోమీటర్ల వేగానికి చాలు. క్రోమ్ పూత ఉన్న ఇనప రిమ్ము వానలో తడిస్తే బ్రేకు పట్టినా పట్టనట్టే ఉంటుంది. వేగం 15 నుంచి 22కి పెరిగితే ఆపాల్సిన శక్తి రెట్టింపు దాటుతుంది. ఆ సైకిలుకి పక్కనుంచి పట్టే కాలిపర్ బ్రేకు వేద్దామంటే, ఆ రిమ్ముకి పక్కన చదునైన అంచు ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కిట్టుతో వచ్చే బ్రేకు లివర్‌లో చిన్న స్విచ్చు ఉంటుంది, నొక్కగానే మోటారు ఆగిపోతుంది. అది తీగ బ్రేకులకి చేసినది. రాడ్ బ్రేకులు ఉంచుకుంటే ఆ స్విచ్చు పెట్టే చోటు లేదు. కాబట్టి నల్ల సైకిలు వాళ్లు ముందు చక్రాన్నయినా చదును అంచున్న రిమ్ముతో మార్పించి కాలిపర్ బ్రేకూ తీగ లివరూ వేయించుకోండి. వెనక రాడ్ బ్రేకు ఉండనివ్వొచ్చు. రేంజర్‌కైతే కొత్త రబ్బర్లు, కొత్త తీగలు వేసి రిమ్ము బెండు తీయిస్తే చాలావరకు సరిపోతుంది. రిమ్ము అల్యూమినియంది అయితే వానలో ఇంకా మేలు. ఈ పని చేయించడానికి డబ్బు చాలకపోతే మోటారు కొనడం మూడు నెలలు వాయిదా వేయండి.

ఎవరికి ఏది

మోకాళ్ల నొప్పులతో బజారుకి పోయే పెద్దవాళ్లకి, ఇంట్లో రేంజరో ఆడవాళ్ల సైకిలో ఉంటే, వెనక చక్రంలో చిన్న హబ్ మోటారు, ఫాస్ఫేట్ బ్యాటరీ. తొక్కితే సాయం చేసే సెన్సరు పెట్టించండి, మీట నొక్కే రకం వాళ్లని ఉలిక్కిపడేలా చేస్తుంది. ఆ సెన్సరు చతురస్రపు ఇరుసుకి తేలిగ్గా బిగుస్తుంది, కాటర్ పిన్ను ఇరుసుకి కష్టం. పాలూ కూరగాయలూ మోసే నల్ల సైకిలుకి గొలుసు మోటారు, 18 పళ్లు, ముందు కాలిపర్ బ్రేకు. కాలేజీకి పోయే పిల్లలకి ముందు చక్రం కిట్టు చవగ్గా వస్తుందని తొందరపడకండి. వాళ్లు వేగంగా పోతారు, గతుకులు చూడరు. వాళ్లకీ వెనక హబ్బే. ఇక ఫ్రేము దారం పరీక్షలో తప్పితే, రిపేరు షాపుల్లో పాత రేంజర్ ఫ్రేము వెతకండి. దాని ధర టార్క్ ఆర్మ్, వెల్డింగు, లేతు పనుల ఖర్చు కంటే తక్కువే అవుతుంది.

నాన్నగారి సైకిలు ఇప్పుడు గొలుసు మోటారుతో నడుస్తోంది, ఫోర్కు వేరేది. కొత్తగా కట్టిన ఏ సైకిలునైనా మొదటి వారం ఇంటి చుట్టుపక్కలే తిప్పండి. రోజూ దిగాక మోటారునీ కంట్రోలరునీ చేత్తో తాకి చూడండి, చెయ్యి పెట్టలేనంత వేడుంటే ఎక్కడో బరువో బిగువో ఎక్కువైంది. 50 కిలోమీటర్లకి ఒకసారి, 100కి ఇంకోసారి యాక్సిల్ నట్లు, పట్టీ బోల్టులు, స్పోకులు బిగించండి. కొత్తగా అల్లిన చక్రం స్పోకులు మొదటి వందలోనే సడలుతాయి.